పెతాంగ్ ఖాతాకి వారసురాలు

పెర్పెతువా పోయాక ఆమె వంటగిన్నెలు మేనకోడలు పట్టుకెళ్ళింది. కుట్టుమిషను పక్కింటికి పోయింది. రెండు కోళ్ళూ వలలు బాగుచేసే ఇస్కో ఇంటికి చేరాయి. ఫోను మాత్రం ఎవరూ అడగలేదు. మనిషి ఉన్నప్పుడూ అది లియోనీలా కొట్లోనే చార్జింగుకి ఉండేది, పోయాకా అక్కడే ఉండిపోయింది, సబ్బుల అరకీ ఎండుచేపల బుట్టకీ మధ్య, గోడ ప్లగ్గుకి వేలాడుతూ.

బాలిగాన్ దీవిలో పెర్పెతువాని అందరూ పెతాంగ్ అనేవారు, లియోనీలాని నీలా అనేవారు. వయసులో చిన్నవాళ్ళయితే అక్కా అన్నట్టుగా ముందు నాంగ్ చేర్చి పిలిచేవారు. ఇద్దరూ ఒకే వానాకాలంలో పుట్టారు. ఆరో తరగతి దాకా ఒకే బల్ల మీద కూర్చున్నారు. నీలా పెళ్ళి చేసుకుంది, భర్తని సముద్రానికి పోగొట్టుకుంది, కొట్టు పెట్టుకుంది. పెతాంగ్ పెళ్ళి చేసుకోలేదు. ఊరి గుళ్ళో మరియమాత స్వరూపానికి బట్టలు కట్టే పని, అక్కడ కమరేరా అంటారు, ఆ పని ఆమెది. మాతకి బట్టలు మార్చేటప్పుడు తెర వేసేస్తారు, మగవాళ్ళెవరూ లోపలికి రాకూడదు. తెర తీశాక పెతాంగ్ ముందు మాతకి దండం పెట్టి, తర్వాత ఫోనుతో ఫోటో తీసి, ఫేస్‌బుక్‌లో పెట్టేది. ఆ తర్వాత ఫోనుని ఇటు జనం వైపు తిప్పేది. పెళ్ళికూతుళ్ళు, చంటిపిల్లలు, మెట్ల మీద కూర్చునే ముసలివాళ్ళు, ఎవరినీ వదిలేది కాదు.

పెద్ద తుఫాను వచ్చి ఇళ్ళ కప్పులు లేచిపోయిన ఏడాది ఊళ్ళో ఆల్బములన్నీ నీళ్ళలో ముద్దలైపోయాయి. ఆనాటి నుంచి ఊరికి మిగిలిన ఆల్బము పెతాంగ్ ఖాతా ఒక్కటే. ఎవరైనా పోతే, శవజాగరణ పందిరికి కట్టే ఫ్లెక్సీ కోసం ఇంటివాళ్ళు ముందు ఆమె దగ్గరికే వచ్చేవారు. "మా నాన్న నవ్వుతున్న ఫోటో ఏదైనా ఉందా నాంగ్?" అని అడిగితే, ఆమె వేలితో తోసుకుంటూ తోసుకుంటూ ఎక్కడెక్కడికో వెళ్ళి, ఆ మనిషి ఏ పండగలోనో పనసతొన నములుతూ నవ్విన ఫోటో వెతికి తెచ్చేది. ఇంకొకటి కూడా చేసేది. ఎవరికి ఒంట్లో బాగాలేదని తెలిసినా, వాళ్ళు ఏ ఊళ్ళో ఉన్నా, తన గొంతుతో ప్రార్థన చెప్పి, అది రికార్డు చేసి మెసేజులో పంపేది. మధ్యలో కోడి కూసినా ఆపేది కాదు. "కోడి కూడా ఆమెన్ అంటోంది" అనేది.

అలాంటి మనిషి ఫోను తన దగ్గరుందన్న ధైర్యమే నవదిన ప్రార్థనల రోజుల్లో నీలాని నిలబెట్టింది. తొమ్మిదోనాటి ప్రార్థన అయ్యాక ఆ ధైర్యానికి గండి పడింది.

ఆ సాయంత్రం పెతాంగ్ ఇంటి వెనకాల ఆడవాళ్ళు కాఫీ కప్పులు కడుగుతున్నారు. నీలా పక్కన ఫ్లోర్దెలిజ కూర్చుంది. ఆమె సెబూ నుంచి ఈ దీవికి కోడలిగా వచ్చిన మనిషి. నలభై ఏళ్ళుంటాయి. ఇంటి ముందు ప్రింటరు పెట్టుకుని ఫోటోలు, ఫ్లెక్సీలు వేసిస్తుంది. పెతాంగ్ వెతికిచ్చిన ఫోటోలన్నీ అచ్చయ్యేది ఆమె దగ్గరే. అందుకే ఇద్దరికీ రాకపోకలు ఎక్కువ.

"నాంగ్ నీలా, ఒక మాట" అంది ఫ్లోర్దెలిజ, కప్పు మీది సబ్బు నురగ వైపు చూస్తూ. "ఇప్పుడు చెప్పాలో లేదో తెలీదు. దాస్తే ఇంకా తప్పవుతుంది. నాంగ్ పెతాంగ్ తన ఖాతాకి నన్ను వారసురాలిగా పెట్టింది."

"ఏ ఖాతా? బ్యాంకులో దానికేముంది, గుడ్లమ్మిన డబ్బులు తప్ప?"

"ఫేస్‌బుక్ ఖాతా నాంగ్. మనం పోయాక దాన్ని చూసుకోడానికి ఒకర్ని ముందే పెట్టుకోవచ్చు. మనిషి పోయిందని మనం తెలియజేస్తే పేరు పైన స్మరణార్థం అని వస్తుంది. ఆ తర్వాత పాస్‌వర్డ్ తెలిసినా సరే ఎవరూ లోపలికి వెళ్ళలేరు. పైపైన చూసుకునే పని నాది."

"ఎప్పుడు పెట్టింది?"

"మూడేళ్ళవుతుంది."

నీలా చేతిలో కప్పు పక్కన పెట్టేసింది. "మూడేళ్ళు! మూడేళ్ళు నా కొట్లో కూర్చుని, నా చేతి బెల్లపు బుద్‌బుద్ తిని, ఆ మిఠాయి చుట్టిన ఆకు కూడా నాకి పెట్టావు. ఒక్కసారైనా నోరు జారలేదే. గట్టిపిండమే నువ్వు."

"ఆవిడే మీకు చెప్తుందనుకున్నాను నాంగ్."

"చెప్పలేదు కదా. చెప్పాల్సిన అవసరం కనపడలేదు కాబోలు" అని నీలా లేచి, తడి చేతులు లంగాకి తుడుచుకుంటూ చీకట్లో పడి ఇంటికి వెళ్ళిపోయింది. పక్కన కూర్చున్న ముసలమ్మ ఒకావిడ ఏమీ విననట్టే, నీలా కడగాల్సిన కప్పులు తనే ముందుకి లాక్కుంది.

అరవై ఏళ్ళ స్నేహం. పెతాంగ్‌కి విషజ్వరం వచ్చినప్పుడు గంజి పోసింది నీలా. నీలా భర్త శవం ఒడ్డుకి కొట్టుకొచ్చినప్పుడు అతని కళ్ళు తన చేత్తో మూసింది పెతాంగ్. అంత చేసుకున్నాక, వెనకాల చూసుకోడానికి ఎవరని అడిగితే నిన్నగాక మొన్న పడవ దిగిన పిల్ల పేరు చెప్పిందా! మాత ముందు మోకరిల్లితే జపమాల పూసల మధ్య కూడా ఆ పిల్ల ముఖమే కనిపించింది నీలాకి. "తల్లీ, నేను ఓర్వలేకపోతున్నాను. ఓర్చుకునే మనసియ్యి" అని అడగాలనుకుంది. నోట్లోంచి మాత్రం "తల్లీ, దాని ప్రింటరు పాడైపోవాలి" అని వచ్చింది. వెంటనే లెంపలేసుకుంది.

మర్నాడు తెల్లవారగానే పెతాంగ్ ఫోను తీసింది. అది తెరవడానికి కొట్టే అంకెలు మాత పండగ తేదీ, అది నీలాకి తెలుసు. అందులో దాచుకున్న పాత ఫోటో ఒకటి, నీలిరంగు అంగీలో ఉన్న మాతది, వెతికి పెతాంగ్ ఖాతాలో పెట్టింది. కింద, పెతాంగ్ రోజూ రాసినట్టే, "అందరికీ శుభోదయం. తల్లి చల్లగా చూడాలి" అని రాసింది.

అలా మొదలైంది. ప్రతి ఉదయమూ ఒక ఫోటో. ఖాతా చల్లారిపోకుండా చూస్తున్నానని తనకి తాను చెప్పుకుంది. అసలు సంగతి ఆమెకి తెలుసు. ఖాతాలో మనిషి మసలుతున్నంత కాలం దాని మీద ఫ్లోర్దెలిజ చెయ్యి పడదు.

ఊరంతటికీ ఇది తెలుసు. ఎవరూ ఏమీ అనలేదు. ఇస్కో రోజూ గుండె బొమ్మ నొక్కేవాడు. ఐసు అమ్మే ఆవిడ కొట్టుకొచ్చి, సబ్బుల వైపు చూస్తూ, "నిన్న నాంగ్ పెతాంగ్ పెట్టిన ఫోటో ఎంత బావుందో" అనేది. "ఆఁ, బావుంది" అనేది నీలా, తనూ సబ్బుల వైపే చూస్తూ. జ్ఞానోపదేశం చెప్పే టీచరమ్మ మాత్రం ఒకసారి ఫోటో కింద, "మీకు దేవుడు విశ్రాంతినివ్వాలి నాంగ్" అని రాసింది. అది ఎవరి విశ్రాంతి గురించో నీలాకి బోధపడలేదు.

ఫ్లోర్దెలిజ ఏ ఫోటోకీ గుండె బొమ్మ నొక్కలేదు. "నొక్కితే వేలు అరిగిపోతుందా దానికి!" అని నీలా ఉడికిపోయింది. ఒకరోజు నొక్కింది. "చూశావా, కనిపెడుతూనే ఉన్నానని నాకు చెప్పడానికే" అని ఆ రోజంతా ఇంకా ఎక్కువ ఉడికింది.

దీని మీద ఇంకొకటి వచ్చి పడింది. పెతాంగ్ చేసిన కమరేరా పని గుడి పెద్దలు ఫ్లోర్దెలిజకి అప్పగించారు. నీలా మోకాళ్ళు నిచ్చెన ఎక్కనివ్వవు, అందులో ఎవరి తప్పూ లేదు. అయినా ఆదివారం పూజలో ముందు బల్ల మీద కూర్చుని, మాత అంగీ అంచులో ముడతలు వెతికేది. ఒకసారి పక్కావిడ చెవిలో, "మాత కిరీటం కొంచెం పక్కకి ఒరిగినట్టు లేదూ?" అంది.

"మీ కళ్ళద్దాలు ఒరిగాయి నాంగ్" అంది పక్కావిడ, ప్రార్థన ఆపకుండా.

నాలుగు నెలలు గడిచాయి. ఒకరోజు పొద్దున్న పెతాంగ్ ఫోనుకి మెసేజు వచ్చింది. సురిగావ్‌లో ఉండే మిరసోల్ నుంచి. పెతాంగ్‌కి దూరపు చెల్లెలి కూతురు. తల్లి పోయాక ఆ పిల్లకీ ఈ దీవికీ ఫేస్‌బుక్ ఒక్కటే చుట్టరికం. పెతాంగ్ పోయిన సంగతి ఆమెకి ఎవరూ చెప్పలేదు. చెప్పాలని కూడా ఎవరికీ తోచలేదు. ఆమె మాత్రం ప్రతి ఉదయమూ ఫోటో చూసి, "తియా పెతాంగ్, శుభోదయం" అని పెద్దమ్మని పలకరించేది. నీలా తిరిగి పలకరించేది. పలకరింపులు పెరిగి కబుర్లయ్యాయి. కాన్పు కష్టంగా ఉందని ఆ పిల్ల రాస్తే, జపమాల చెప్తానని నీలా రాసింది. పుట్టినరోజంటే కేకు బొమ్మ పంపింది.

ఇప్పుడు ఆ పిల్ల రాసింది ఇది. "తియా, బాబు కులాసా. వాడికి నువ్వే జ్ఞానతల్లివి కావాలి. ఇంకెవర్నీ అడగను. కాదనకు."

జ్ఞానస్నానంలో బిడ్డకి జ్ఞానతల్లిగా నిలబడమని అడిగితే ఆ దేశంలో ఎవరూ కాదనరు. కాదంటే బిడ్డకి అరిష్టమని భయం. పైగా బిడ్డ తల్లి ఇంత ప్రేమగా అడిగింది. నీలా ఫోను పట్టుకుని నిలబడిపోయింది. లోపల ఎక్కడో ఒక మూల, ఒప్పుకోవడానికి సిగ్గుపడే మూల, ఇంకో మాట మెదిలింది. వారసురాలినట, ఆవిడగారిని అడగలేదు కదా ఈ పిల్ల!

"సరే తల్లీ. అంతా దేవుని కృప" అని రాసి పంపేసింది. పంపాక భయం వేసింది. ఫర్వాలేదు, దూరపు ఊరు, జ్ఞానతల్లి రాలేకపోతే ఆమె బదులు అక్కడే ఎవరో ఒకరు నిలబడతారు, అది మామూలే, అని సర్దిచెప్పుకుంది. మధ్యాహ్నానికి ఇంకో మెసేజు వచ్చింది. "నువ్వు ప్రయాణం చేయలేవని తెలుసు తియా. మీ పండక్కి మేమే వచ్చి మీ గుళ్ళోనే చేయిస్తాం."

నిజం చెప్పేద్దామని రోజూ అనుకునేది. చెప్పాలంటే ఇన్నాళ్ళూ ఆ ఖాతాలో కూర్చున్నదెవరో చెప్పాలి. అది బయటపడితే ఫ్లోర్దెలిజ వచ్చి తలుపు వేసేస్తుంది. ఇంక పెతాంగ్‌ని తను తాకడానికి వీలుండదు. రోజూ అలా ఆలోచించి, రోజూ ఇంకో ఫోటో పెట్టేది.

పండగ ముందురోజు మధ్యాహ్నం పడవ వచ్చింది. గుడికి కట్టే పూలు కూడా ఆ పడవలోనే వస్తాయి కాబట్టి ఫ్లోర్దెలిజ రేవులో ఉంది. చంకలో బిడ్డతో ఒక పిల్ల దిగి, "తియా పెతాంగ్ ఇల్లెక్కడండీ?" అని మొదట అడిగింది ఆమెనే. రేవులో ఉన్నవాళ్ళు ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. ఫ్లోర్దెలిజ బిడ్డని చూసింది, పిల్లని చూసింది, పూలగంప భుజాన వేసుకుని, "రండి, చూపిస్తాను" అంది.

నీలా కొట్లోంచి చూస్తూనే ఉంది. ముందు ఫ్లోర్దెలిజ, వెనక మిరసోల్, ఆ వెనక సంచులు మోస్తూ నెమ్మదైన భర్త. అయిపోయింది, అందరి ముందూ నిలదీస్తుంది అనుకుంది.

"నాంగ్ నీలా, వీళ్ళు సురిగావ్ నుంచి వచ్చారు, నాంగ్ పెతాంగ్ కోసం" అంది ఫ్లోర్దెలిజ. "ఎండలో వచ్చారు. నేను వెనకాల పొయ్యి వెలిగించి కోడి పులుసు పెడతాను. మీరు మాట్లాడుకోండి." అంతే. పూలగంప నీడలో పెట్టి, ఇంటి వెనక్కి వెళ్ళిపోయింది. వెళ్ళేముందు కొట్టు తడిక సగం దించింది, దారినపోయేవాళ్ళు తొంగిచూడకుండా.

నీలా చెప్పింది. పెతాంగ్ వానాకాలంలో పోయిందని, పోయేటప్పుడు బాధపడలేదని, గుడి వెనకాలే పడుకోబెట్టామని.

మిరసోల్ శిలువ గుర్తు వేసుకుంది. తర్వాత, "మరి ఇవాళ పొద్దున్న నాకు శుభోదయం చెప్పిందెవరు?" అంది.

"నేనే."

"కేకు బొమ్మ?"

"అదీ నేనే."

"నా కొడుక్కి జ్ఞానతల్లినవుతానంది?"

నీలా తల వంచుకుంది. భర్త సంచులు కింద పెట్టి, "ముందు నువ్వు కూర్చో" అని పెళ్ళాం చేతిలోంచి బిడ్డని అందుకున్నాడు. మిరసోల్ కూర్చుని ఏడ్చింది. ఊరంతా అయిదు నెలల కిందట ఏడ్చేసిన ఏడుపు ఆమె ఇప్పుడు ఏడుస్తోంది. ఆమెని చూసి నీలా ఏడ్చింది. లోపల పొయ్యి దగ్గర గరిటె చప్పుడు ఆగింది, మళ్ళీ మొదలైంది.

"బావుంది" అంది చివరికి మిరసోల్ ముక్కు చీదుకుంటూ. "పోయినావిడేమో గుడి వెనకాల పడుకుంది. ఉన్నావిడేమో ఆవిడ పేరు చెప్పి నన్ను సముద్రం దాటించింది. ఇప్పుడు నా కొడుకు సంగతేంటి?"

ఫ్లోర్దెలిజ పులుసు గిన్నెలు తెచ్చి పెట్టింది. నీలాకి అంత సిగ్గులోనూ లోపలి మంట ఆగలేదు. "ఈవిడ నిలబడుతుందిలే. పెతాంగ్ వారసురాలు ఈవిడేగా. అన్నీ ఈవిడవే" అంది.

ఫ్లోర్దెలిజ ముఖం ఎర్రబడింది. "సరే అని రాసింది నేను కాదు నాంగ్" అంది. "పోయినవాళ్ళ పేరు ఫాదర్ జ్ఞానస్నానం పుస్తకంలో రాయరు. వాళ్ళ బదులు ఇంకొకరు నిలబడతామన్నా ఒప్పుకోరు."

మిరసోల్ నీలా వైపు తిరిగింది. "నేను తియా అనుకుని రాసుకున్నవన్నీ చదివింది మీరే కదా. మా అత్తగారి గొడవ కూడా."

"చదివాను. ఎవరికీ చెప్పలేదు."

"కాన్పు ముందు జపమాల చెప్తానన్నారు. ఊరికే అన్నారా, చెప్పారా?"

"చెప్పాను. బిడ్డ పుట్టాడని నువ్వు రాసేదాకా రోజూ చెప్పాను."

"మరింకేం. ఒప్పుకున్నది మీరు, మీరే నిలబడండి. తప్పించుకోడానికి లేదు" అంది మిరసోల్, కోపంగానే. అలా అంటూనే పులుసులో కోడికాలు ఏరి నీలా గిన్నెలో వేసింది.

మర్నాడు పండగ పూజ అయ్యాక జ్ఞానస్నానం జరిగింది. నీళ్ళు తల మీద పడగానే బాబు కెవ్వుమన్నాడు. నీలా వాడిని గుండెకి హత్తుకుంది. బిడ్డ నిజంగా బరువున్నాడు.

సాయంత్రం గుడి వెనకాల పండగ గిన్నెలు తోముతుంటే మళ్ళీ ఫ్లోర్దెలిజే పక్కన పడింది. ఈసారి నీలాయే ముందు నోరు విప్పింది.

"అయిదు నెలలుగా చూస్తూ ఎందుకూరుకున్నావ్? పెతాంగ్ పోయిందని ఒక్క మాట తెలియజేస్తే నా వేషాలు ఆ రోజే ఆగిపోయేవి."

"ఆవిడ గొంతు కూడా పోయేది నాంగ్. ఫోటోలు, రాతలు నాకిస్తారు. మెసేజులు వారసురాలికి ఇవ్వరు. ఆవిడ గొంతు ప్రార్థనలన్నీ మెసేజుల్లోనే ఉన్నాయి. ఖాతా మూయకముందే లోపలికి వెళ్ళగలిగినవాళ్ళు మొత్తం కాపీ తీసుకోవాలి. వెళ్ళగలిగింది మీరొక్కరే."

"ఆ మాట నన్నడగలేకపోయావా?"

"అడుగుదామని ఎన్నిసార్లు మీ కొట్టుకొచ్చానో! వచ్చినప్పుడల్లా 'ఏం కావాలి, ఉప్పా?' అని పొట్లం కట్టి చేతిలో పెట్టేశారు. మా ఇంట్లో ఏడాదికి సరిపడా ఉప్పుంది."

నీలాకి నవ్వొచ్చింది. నవ్వకూడదని గిన్నె గట్టిగా తోమింది. తర్వాత, ఇన్నాళ్ళూ గొంతులో ముల్లులా ఉన్నది అడిగేసింది. "వారసురాలిగా అది నన్నెందుకు పెట్టలేదు?"

ఫ్లోర్దెలిజ ఆశ్చర్యంగా చూసింది. "మీకు ఖాతా లేదు కదా నాంగ్."

"ఏంటి?"

"ఖాతాలో స్నేహితులుగా ఉన్నవాళ్ళలోంచే ఎంచుకోవాలి. ఆ రోజు నా ప్రింటరు పక్కన కూర్చుని ముందు మీ పేరే వెతికింది. నీలా అని, లియోనీలా అని, మీ ఇంటిపేరుతో, మీ ఆయన ఇంటిపేరుతో, అన్నీ కొట్టి చూసింది. రాలేదు. ఖాతా తెరవమని మీకు చెప్తానంది. చెప్పలేదా?"

చెప్పింది. నీలాకి గుర్తొచ్చింది. కొట్లో ఎండుచేపలు కట్టలు కడుతుంటే, "నువ్వూ ఒకటి తెరవవే" అంది పెతాంగ్. "నాకెందుకే ఇంకొకటి? నీదాంట్లోంచి అన్నీ చూస్తున్నాగా" అంది తను. పెతాంగ్ నవ్వేసి ఊరుకుంది.

"ఎందుకో ఆ సంగతి చెప్తే తెరిచేదాన్ని" అంది నీలా.

"చావు మాటెత్తితే మీరు లేచి వెళ్ళిపోతారని భయపడింది."

నీలా గిన్నె కడిగి బోర్లించింది. పక్కన ఉన్న పిల్ల మీద కోపం పెట్టుకోడానికి ఇంక చోటు దొరకలేదు. వెతికితే చిన్నది ఒకటి దొరికింది. "అయితే నీ పేరు కొట్టగానే వచ్చేసిందన్నమాట" అంది.

"వచ్చేసింది నాంగ్" అంది ఫ్లోర్దెలిజ, అది తన తప్పయినట్టు.

పండగ తర్వాత మాత బట్టలన్నీ పెట్టెలోంచి తీసి, గుడి పక్క గదిలో తాళ్ళ మీద నీడపట్టున ఆరేయడం ఏటా జరిగేదే. పురుగు పట్టిందేమో చూసి, కిందటేడు పడిన మడత మీద మళ్ళీ మడత పడకుండా తిప్పి మడిచి పెడతారు. ఒకే మడత మీద ఉంచితే జరీ అక్కడే తెగుతుంది. ఆ ఏడు అంగీలు ఆరుతుండగా ఇద్దరూ బడి మెట్ల మీదికి వెళ్ళారు. అక్కడ సిగ్నలు బాగా వస్తుంది. నీలా పాస్‌వర్డ్ చెప్పింది, ఖాతాలో ఉన్న సమస్తం మూటగట్టి ఇమ్మని ఫ్లోర్దెలిజ అడిగింది. ఆ మూట ముక్కలు ముక్కలుగా వచ్చి లాప్‌టాప్‌లోకి చేరడానికి వారం పట్టింది. వాన పడితే ఆగేది.

మెసేజుల్లో ఊరివాళ్ళ కష్టాలు కూడా ఉన్నాయి. "అవతలివాళ్ళు రాసుకున్నవి మనం తెరవొద్దు" అంది ఫ్లోర్దెలిజ. "నాంగ్ పెతాంగ్ పలికినవి వేరుగా తీసి పెడతాను."

"నేను కొన్ని ముందే తెరిచేశాను" అంది నీలా. "మిగతావి వద్దులే."

సరిగ్గా వచ్చాయో లేదోనని ఒకటి వినిపించింది. కాసేపు గాలి చప్పుడు, గొంతు సవరించుకోవడం, ఆ వెనక పెతాంగ్. "తల్లీ, నీ బిడ్డకి నిద్రపట్టడం లేదట. పక్కన కాసేపు కూర్చో" అని ప్రార్థిస్తోంది. ఎక్కడో కోడి కూసింది. నీలా పైటకొంగులా మెడలో వేసుకున్న తువ్వాలు ముఖానికి అడ్డం పెట్టుకుంది. ఫ్లోర్దెలిజ లేచి గుడి పక్క గదిలోకి వెళ్ళి, అవసరం లేకపోయినా అంగీలు అటుదిటు తిప్పింది.

కాపీలు రెండు పెన్‌డ్రైవుల్లోకి ఎక్కించారు. "పెట్టెలో పడేసి మర్చిపోతే ఇవీ పాడైపోతాయి నాంగ్. ఏటా తెరిచి చూసుకోవాలి. కొన్నేళ్ళకోసారి కొత్తదాంట్లోకి మార్చుకోవాలి."

"అంటే అంగీలు ఆరేసినట్టే" అంది నీలా. "ఆరేసే రోజే పెట్టుకుందాం. మర్చిపోం."

ఒకటి మాత బట్టల పెట్టెలో పెట్టారు. రెండోది మిరసోల్ ఇంటికి పంపారు. తుఫాను ఈ ఒడ్డుని తుడిచినా ఆ ఒడ్డున ఒకటి ఉంటుంది.

ఆ తర్వాత ఫ్లోర్దెలిజ మరణ ధ్రువపత్రం జతచేసి ఫేస్‌బుక్‌కి కబురు పంపింది. పంపేముందు నీలా ముఖం వైపు చూసింది. నీలా తలూపింది. కొన్నాళ్ళకి పెతాంగ్ ఫోనులో ఖాతా దానంతటదే మూసుకుపోయింది. ఎన్నిసార్లు పాస్‌వర్డ్ కొట్టినా తెరుచుకోలేదు. పొద్దున్నే ఏమీ తోచక నీలా సబ్బులన్నీ దించి అర తుడిచింది. ఆ రోజు ఇస్కో కొట్టుకొచ్చి, అక్కర్లేని అగ్గిపెట్టె కొనుక్కుని, కాసేపు కూర్చుని వెళ్ళాడు.

ఆ వారమే నీలా అదే ఫోనులో తన పేరు మీద ఖాతా తెరిచింది. జ్ఞానపుత్రుణ్ణి ఎత్తుకున్న ఫోటో పెట్టుకుంది. పెతాంగ్ పేరు వెతికింది. పేరు పైన స్మరణార్థం అని ఉంది. కింద స్నేహితులుగా చేరమనే గుర్తుంది. దాన్ని నొక్కింది. పోయినవాళ్ళ బదులు ఒప్పుకోవాల్సింది ఎవరో ఆమెకి తెలుసు. అయినా నొక్కింది.

మధ్యాహ్నం దాకా ఏమీ రాలేదు. ఉప్పు అడిగినవాళ్ళకి సబ్బిచ్చింది. పొద్దువాలినా రాలేదు. "కావాలనే చేస్తోంది. నన్ను కాళ్ళబేరానికి రప్పించాలని" అనుకుంటూ సాయంత్రం ప్రార్థనకి గుడికెళ్ళింది. తెర వేసి ఉంది. లోపల నిచ్చెన కిర్రుమంటోంది.

"ఏమే, నీకేమీ రాలేదా?" అంది తెర ఇవతలి నుంచి.

"ఏం రావాలి నాంగ్?"

"ఏం లేదులే."

"పొద్దుట్నుంచీ ఫోను చూడలేదు నాంగ్. అంగీ అంచులకి గంజి పెడుతున్నాను, చేతులకంతా గంజే. ఆగండి."

బకెట్లో నీళ్ళ చప్పుడైంది. నీలా ఒళ్ళో ఫోను మోగింది. పెర్పెతువా మీ స్నేహాన్ని అంగీకరించారు అని వచ్చింది. నీలా ఆ అక్షరాలని వేలితో తాకి, మళ్ళీ మొదట్నుంచీ చదువుకుంది.

"వచ్చిందా నాంగ్?"

"వచ్చింది" అంది నీలా. ఫోను ఒళ్ళో పెట్టుకుని, "నీకూ పంపుతాలే. కానీ రేపు. ఇవాళ్టికి ఇదొక్కటే ఉండనీ" అంది.